తీసేసిన ఏళ్ళు

"కాసేపు బయట కూర్చుంటారా? వెళ్ళిపోకండి," అన్నాడు గళ్ళ చొక్కా ఆయన. ఆమె బయటికి వచ్చి, రిసెప్షన్‌కు ఎదురుగా ఉన్న బూడిదరంగు సోఫాలో, ఎవరైనా లెమ్మంటే వెంటనే లేవడానికి వీలుగా, అంచు మీద కూర్చుంది. వెళ్ళిపోకండి అనడం మంచికా, చెడుకా? ఉద్యోగం ఇవ్వదలచుకున్నవాళ్ళు అలా అంటారా, లేక ఇంకో నాలుగు మాటలు అనడానికి మిగిలి ఉన్నప్పుడు అంటారా? ఇదివరకటి వాళ్ళందరూ "మేమే ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ మాటకు అర్థం ఆమెకు కంఠతా వచ్చు. ఈ మాట కొత్తది, దీని అర్థం ఇంకా తెలియదు. నోరు జారింది, అంతా సవ్యంగా నడుస్తున్నప్పుడే జారింది. మీరు చేసిన పనుల్లో మీకు బాగా తృప్తినిచ్చింది ఏమిటి అని అడిగాడాయన, నీళ్ళ సీసా మూత తిప్పుతూ, మామూలుగా. దానికి జవాబు సిద్ధంగానే ఉంది, కూతురు ఎదురుగా కూర్చోబెట్టుకుని బట్టీ పట్టించింది, బ్యాంకు యాప్ గురించి చెప్పాలి, రెండు నిమిషాల్లో ముగించాలి, చివర నవ్వాలి. కాని నోట్లోంచి వచ్చింది బ్యాంకు యాప్ కాదు, ఆసుపత్రిలో మందు ఎక్కించే యంత్రం. ఎప్పటి సంగతి అది! చెబుతున్నంతసేపూ ఆయన కదలకుండా విన్నాడు, పక్కన కూర్చున్న హెచ్.ఆర్. అమ్మాయి టైపు చేయడం ఆపేసింది, చాలా రోజుల తర్వాత తన గొంతు తనదిలాగే వినిపించింది. అప్పుడాయన ముందున్న కాగితం తిరగేశాడు, మళ్ళీ తిరగేశాడు. "ఇది ఇందులో ఎక్కడా లేదేమిటండీ?" అన్నాడు. తీసేశానండి, అంది. ఎందుకు, అన్నాడు. వయసు తెలిసిపోతుందని, అంది. ఇంకోటి చెప్పి ఉండవచ్చు. కాగితం పొడుగైపోతోందని అనవచ్చు, పాత సంగతులు మీకెందుకులే అనుకున్నానని అనవచ్చు. ఏదీ తట్టలేదు. ఆ తర్వాతే, కాసేపు బయట కూర్చుంటారా, వెళ్ళిపోకండి.

రిసెప్షన్ అమ్మాయి ఒకసారి ఆమె వైపు చూసి మళ్ళీ కంప్యూటర్‌లోకి తల దూర్చింది. లోపలి హాలుకు వెళ్ళే గాజు తలుపు దగ్గర ఒక మెకానిక్ పీట మీద నిలబడి, తలుపు దానంతటదే మూసుకునేలా చేసే ఇనుప చెయ్యి బిగిస్తున్నాడు. తలుపు పూర్తిగా తెరిచి వదులుతాడు, అది వచ్చి దభీమని కొట్టుకుంటుంది, ఒక మర తిప్పుతాడు, మళ్ళీ తెరిచి వదులుతాడు. ఇప్పుడు మరీ నెమ్మది, మధ్యలోనే ఆగిపోయింది. సగం తెరిచి వదిలి చూడు నాయనా, అని మనసులోనే అంది. అందరూ తలుపు పూర్తిగా తెరవరు, చేతిలో కాఫీ ఉన్నవాళ్ళు భుజంతో సగమే తోస్తారు. అతను నిజంగానే సగం తెరిచి వదిలాడు. ఆమెకు ఎందుకో ఊరటగా అనిపించింది. ఆమె పని కూడా ఇదే కదా, ఇరవై ఏళ్ళ పైచిలుకు నుంచీ. ఇంకొకరు రాసిన ప్రోగ్రామును తెరిచి, వదిలి, ఎక్కడ కొట్టుకుంటుందో వినడం. "మా ఆవిడకు తప్పులు పట్టుకున్నందుకు జీతం ఇస్తారు, ఇంట్లో మాత్రం ఉచితం," అని భర్త ప్రతి పెళ్ళిలోనూ ప్రతి పంక్తిలోనూ చెబుతాడు. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు, ఆయన పనీ ఒక రకంగా అదే, కాకపోతే ఆయన తప్పులు పట్టుకోవడం ఆలస్యమైతే గోడకు గుద్దుకుంటారు. ఇప్పుడు కింద, రోడ్డు పక్కన, నెత్తిన పసుపుపచ్చ బోర్డు ఉన్న ఆ చిన్న కారులో కూర్చుని ఉంటాడు. పొద్దుటి పాఠాలన్నీ మధ్యాహ్నానికి మార్చుకున్నాడు. బస్సులో వెళ్తానండీ అంటే, "నలిగిన చీరతో ఇంటర్వ్యూకి వెళ్తావా?" అన్నాడు. చీర మీద ఆయనకున్న శ్రద్ధ ఏపాటిదో ఆమెకు తెలియనిది కాదు.

ఆ మందు యంత్రం. ఎంత చిన్నదది, చెప్పుల పెట్టె అంత ఉండేది. రోగి నరంలోకి మందు ఎంత వేగంతో వెళ్ళాలో నర్సు దానిలో నొక్కి పెడితే, మిగతాది అదే చూసుకుంటుంది. అప్పుడు కూతురు కడుపులో ఉంది, నెలలు నిండుతున్నాయి, కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు, బల్ల కింద వట్టి కాళ్ళతో కూర్చుని పని చేసేది. పరీక్షలన్నీ అయిపోయాయి, ఇక ఆసుపత్రులకు పంపించడమే తరువాయి. ఆ సాయంత్రం కళ్ళు మూతలు పడుతున్నాయి, ఆపు అనే మీట నొక్కబోయి తూలింది, వేలు రెండుసార్లు పడింది. యంత్రం ఆగింది, మళ్ళీ మొదలైంది, కాని మొదలైంది మొదటి నుంచి. అప్పటిదాకా ఎక్కిన మందును లెక్కలోకి తీసుకోకుండా, మొత్తం మందు మళ్ళీ ఎక్కించడానికి బయలుదేరింది. నిద్ర ఎటు పోయిందో. ప్రోగ్రాము రాసినాయన వచ్చి చూసి, మొహం చిట్లించి, "అలా ఎవరు నొక్కుతారండీ?" అన్నాడు. "నేను నొక్కాను కదండీ, అలసిపోయి ఉన్నాను," అంది. డ్యూటీ దిగబోయే నర్సు కూడా అలాగే ఉంటుంది. సరిచేశారు. యంత్రాలు వెళ్ళిపోయాయి, ఎన్నెన్ని ఊళ్ళకో, ఎన్నెన్ని మంచాల పక్కకో. ఎక్కడో ఎవరో నర్సు తూలి రెండుసార్లు నొక్కే ఉంటుంది, ఏమీ జరగలేదు. రోగి లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగి ఉంటాడు, ఇంటికి వెళ్ళి పెళ్ళాంతో పోట్లాడి ఉంటాడు. ఏమీ జరగలేదన్న సంగతి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. జరిగినవి చెప్పుకోవచ్చు, నేను ఇది కట్టాను, అది అమ్మాను అని. జరగనిది ఎలా చెప్పుకోవాలి? ఏడాది పైనుంచీ ఒక్కొక్క తెర ముందు కూర్చుని ఆమె చేస్తున్న ప్రయత్నం అదే. మీరు సాధించినవి చెప్పండి అంటారు. ఏమండీ, నా పనిలో నేను సాధించిందంతా ఏమీ జరగకపోవడమే.

పాత ఆఫీసులో ఆ రోజు, మొత్తం టెస్టింగ్ టీమునే తీసేస్తున్నామని చెప్పిన మేనేజరు, పాపం, ఆమె కంటే ఎక్కువ ఏడ్చాడు. ఇకమీదట ప్రోగ్రాములను ప్రోగ్రాములే పరీక్షిస్తాయట, మనుషులు అక్కర్లేదట. అది చెబుతుండగా ఆమే నీళ్ళ గ్లాసు అందించింది. "మీరే నాకు నీళ్ళు ఇస్తున్నారా మేడం," అని ఇంకా ఏడ్చాడు. తర్వాత తలచుకుంటే నవ్వొచ్చేది, మంచివాడు, చెప్పలేక చెప్పాడు. ఎందరికో అది కూడా దక్కలేదు, పొద్దున్నే ఆఫీసుకు వెళ్తే తలుపు తెరుచుకోకపోవడమే కబురు. ఆమెకు ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాడు. అదే టీములో పక్క సీటు బఠాణీ, జేబులో ఎప్పుడూ వేయించిన బఠాణీలు ఉంటాయని ఆ పేరు, ఆ రోజు ఇద్దరి సామానూ ఒకే ఆటోలో వేయించి, తన ఇల్లు దాటి వెళ్ళి ఆమెను దించి, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. దారి పొడుగునా పొట్లం ఆమె వైపు చాపి పట్టుకున్నాడు. ఇద్దరూ బఠాణీలు నములుతూనే ఇల్లు చేరారు.

మొదట్లో ధైర్యంగానే ఉంది. ఇంత అనుభవం ఉంది, ఒక నెల, మహా అయితే రెండు నెలలు అనుకుంది. నెలలు వాటి దారిన అవి వెళ్ళిపోయాయి. రాసి పంపడం, ఎదురుచూడటం, వేళకాని వేళ ఫోను మోగితే పరుగెత్తి అందుకోవడం, తీరా చూస్తే అప్పు కావాలా మేడం అని ఎవరో అడగడం. కొన్ని చోట్ల మనిషే ఉండడు. తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, మూల గడియారం వెనక్కి నడుస్తుంది, కెమెరాలోకి చూస్తూ జవాబు చెప్పాలి, తెరలో తన మొహమే తనకు ఎదురుగా. ఎవరూ తల ఊపరు, ఎవరూ ఊఁ అనరు. మొదటిసారి అలా మాట్లాడుతుంటే అత్తగారు గదిలోకి వచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎవరితోనే అమ్మాయ్, మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ కాదత్తయ్యా."

"మరి అంత మర్యాదగా మాట్లాడుతున్నావే!"

ఆ మాటలు కూడా రికార్డయిపోయాయి. ఆ ఉద్యోగం రాలేదు, వస్తే వింతే. కాని మరుసటిసారి మళ్ళీ అలాంటిది వచ్చినప్పుడు అత్తగారు తన కుర్చీ తానే ఈడ్చుకుని వచ్చి కెమెరాకు వెనగ్గా వేసుకుని కూర్చుంది. "ఆ పెట్టెకు చెప్పకు, నాకు చెప్పు. నేను వింటాను," అంది. ఆ ఇంగ్లీషు ఆవిడకు రాదు, ఆ సంగతులు అసలే తెలియవు. అయినా ప్రతి వాక్యానికీ తల ఊపింది, ఒకచోట ముక్కు మీద వేలేసుకుంది, ఒకచోట, సరిగ్గా ఎక్కడ నవ్వాలో అక్కడ, నవ్వింది. ఒక మనిషి మొహం చూస్తూ మాట్లాడితే మాట ఎంత తిన్నగా వస్తుందో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఎన్ని ఇంటర్వ్యూలకు ఆవిడ అలా కూర్చుందో. కొన్నిటికి మధ్యలోనే కునుకు తీసింది, కునుకులో కూడా తల ఊపింది. పెళ్ళయిన కొత్తలో ఈవిడకే కదా తను భయపడింది, కూరకు తరిగిన ముక్క పెద్దదైతే ఏమంటుందోనని. ఈ ఏడాదిలో ఒక్కనాడూ, ఒక్క మాటన్నా, ఇంట్లోనే ఉన్నావు కదా అని ఒక్క మాటన్నా ఆవిడ నోట రాలేదు. పైగా మధ్యాహ్నం గిన్నెలు కడగబోతే, "నీకు పనుంది పో," అని తరిమేసేది, లేని పనిని ఉందన్నట్టే.

గాజు తలుపు ఈసారి మెత్తగా, ఊపిరి విడిచినట్టు మూసుకుంది. మెకానిక్ పీట దిగి, దూరంగా వెళ్ళి, మళ్ళీ మామూలు మనిషిలా నడుచుకుంటూ వచ్చి తోసి చూశాడు. లోపల గదిలో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, మాటలు అందడం లేదు, గొంతు గళ్ళ చొక్కా ఆయనదే. నా గురించేనా? అబద్ధాలకోరని అంటున్నాడా? దాచిపెట్టడమూ అబద్ధం చెప్పడమూ ఒకటేనా? ఆ హెచ్.ఆర్. అమ్మాయికి నా మీద జాలిగా ఉన్నట్టుంది, మొహం చూస్తే. జాలి కూడా మంచిదే, కాని జాలితో జీతాలివ్వరు. రిసెప్షన్ అమ్మాయి ఇంతలో మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, "లోపల ఫోన్‌లో ఉన్నారండీ, పై ఆఫీసుతో," అంది చిన్నగా. ఆ అమ్మాయి ఆ మాట చెప్పాల్సిన పని లేదు. ఎంతమంది చెప్పక్కర్లేనివి చెప్పారో, చెయ్యక్కర్లేనివి చేశారో.

ఏళ్ళు తీసేద్దామన్నది కూతురు. అప్పటికి చదువు పూర్తయి తనూ ఉద్యోగం వెతుక్కుంటోంది, తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకే భోజనాల బల్లకు ఆ చివరొకరూ ఈ చివరొకరూ కూర్చుని అప్లికేషన్లు పెట్టేవారు. కూతురికి అనుభవం లేదని వద్దనేవారు, తల్లికి అనుభవం ఎక్కువైందని వద్దనేవారు. "మీ ఇద్దర్నీ కలిపి రెండుతో భాగిస్తే ఎవడో ఒకడు తీసుకుంటాడు," అన్నాడు భర్త. అర్హత ఎక్కువైందని ఒకళ్ళు రాస్తే, "అంటే ఏమిటి, ఉప్పు ఎక్కువైనట్టా?" అని అడిగాడు. ఒకళ్ళేమో, మా టీములో అందరూ మంచి హుషారుగా ఉంటారండీ అన్నారు, ఆమె మొహం తెర మీద కనబడిన మొదటి నిమిషంలోనే. అది విన్నాక ఆమె వంటింట్లోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి ఉంచింది. ఆ సాయంత్రమే కూతురు పక్కకు కుర్చీ జరుపుకుని, "అమ్మా, కోపం తెచ్చుకోకు. ఇక్కడ్నుంచి ఇక్కడి దాకా తీసేద్దాం. పదేళ్ళ అనుభవం చాలు, నిన్ను చిన్నదాన్ని చేసేస్తాను చూడు," అంది. నల్లగా మెరుస్తున్న అక్షరాలు ఒక్క మీటతో పోయాయి, ఆ మందు యంత్రం, ఆ వాచిన కాళ్ళు, పాప పుట్టాక పాల సీసా డబ్బాతో ఆఫీసుకు వెళ్ళిన రోజులు, మొదటిసారి ఒక టీమును నడిపించిన ఏడాది. "ఈ ఏడాది తీసేస్తే నువ్వు కూడా పోతావే, నువ్వు పుట్టింది అప్పుడే," అంది నవ్వుతూ. కూతురు నవ్వలేదు, మీట మీద వేలు అలాగే ఉంచి, తల్లి భుజానికి గడ్డం ఆనించి, "నేనెక్కడికీ పోను కానీ, నువ్వు చూడకు," అంది, అటు తిప్పి కూర్చోబెట్టింది.

ఆ పిల్ల ఇంకోటి కూడా చేసింది. కొన్నాళ్ళకు దానికి ఇంటి నుంచి చేసే ఉద్యోగం వచ్చింది, వచ్చిందని చెప్పలేదు. ఇదివరకులాగే బల్ల చివర కూర్చుని కంప్యూటరు తెరిచి టకటకమని కొడుతూ ఉండేది. కాని తప్పులు వెతికే కళ్ళు ఊరుకుంటాయా? గోళ్ళు పెరిగాయి. ఏళ్ళ తరబడి గోళ్ళు కొరికే పిల్లకు గోళ్ళు పెరిగాయంటే ఏదో జరిగింది. "ఏమిటే, ఎవరినైనా ప్రేమించావా?" అని అడిగింది. "లేదమ్మా, ఉద్యోగం వచ్చింది," అని భోరుమంది అది, తప్పు చేసినట్టు. "నీకు వచ్చాక చెబుదామనుకున్నా." ఆ క్షణంలో ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకోలేదని ఎలా అంటుంది? గుచ్చుకుంది. తను నిలబడిన చోటే నిలబడి ఉండగా కన్నబిడ్డ దాటి వెళ్ళింది కదా, చిన్న ముల్లే కాని ముల్లే. కాని ఆ ముల్లు చుట్టూ, దాన్ని కప్పేస్తూ, ఎంత సంతోషం పొంగిందో! అమ్మ నొచ్చుకుంటుందని వచ్చిన సంతోషాన్ని మింగేసి, గోళ్ళు మాత్రం దాచుకోలేకపోయిన పిల్ల. దాన్ని తిట్టింది, నెత్తి మీద మొట్టింది, ముద్దు పెట్టుకుంది, అత్తగారిని కేకేసింది, మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన పాఠం మధ్యలో ఎవరి చేతనో రోడ్డు పక్కన బండి ఆపించి, "ఏదీ, దానికివ్వు ఫోను," అన్నాడు. ఆ రోజు ఇంట్లో ఎంత గోల!

చీకటి రోజులు లేవని కాదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయాక, మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, నేనింతే ఇక, అయిపోయింది అనుకుంది. ఏడుపు కూడా రాలేదు. ఒళ్ళంతా ఎవరో స్విచ్ తీసేసినట్టు. చేతివేళ్ళు మాత్రం, దుప్పటి మీద, వాటంతటవే ఏవో మీటలు నొక్కుతున్నట్టు కదిలాయి. వాటిని చూసి జాలేసింది, మీకింకా తెలియదా, పని పోయిందని. ఆ రోజు అలా ఎంతసేపు ఉండేదో, కింది వీధిలోంచి మేడం, మేడం అని బఠాణీ పిలవకపోతే. ఏదో పని మీద ఇటు వచ్చాడట, పని ఏమీ లేదని మొహమే చెబుతోంది. అతనికీ ఉద్యోగం లేదు, బావమరిది మందుల షాపులో కూర్చుంటున్నాడు. "మేడం, నిన్న ఒకచోట ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. అంబులెన్సులకు దారి చూపించే సాఫ్ట్‌వేర్ అట. వాళ్ళకి కావలసింది నేను కాదు, మీరు. వాళ్ళతో చెప్పేశాను కూడా," అన్నాడు. "నువ్వు చెప్పడమేమిటయ్యా, నీకు వచ్చే ఉద్యోగమేమో!" అంటే, "నాకెందుకిస్తారండీ, నాలుగు ప్రశ్నలకి మూడు తప్పు చెప్పాను," అని పొట్లం చాపాడు. అబద్ధమాడాడో నిజమే చెప్పాడో ఆమె ఇవాళ్టికీ తేల్చుకోలేదు. అలా వచ్చిందే ఈ పిలుపు, ఈ సోఫా, ఈ నీళ్ళ గ్లాసు.

ఇప్పుడు ఈ అంచు మీద కూర్చుని ఉంటే తోస్తోంది, ఆఫీసుల్లో తను చేసిన పనినే ఇంట్లో వీళ్ళంతా తనకు చేశారని. ఈ ఏడాదిలో ఎన్ని జరిగి ఉండవచ్చు! ఇల్లు విరిగి ఉండవచ్చు, మాటా మాటా పెరిగి ఉండవచ్చు, అత్తగారు ఎవరి ముందో ఒక నిట్టూర్పు విడిచి ఉండవచ్చు, భర్త ఒక్కసారి, అలసిపోయి వచ్చిన ఏదో సాయంత్రం, ఎన్నాళ్ళిలా అని ఉండవచ్చు. ఆ మధ్యాహ్నపు మంచం మీంచి తను లేవకుండా ఉండిపోయి ఉండవచ్చు. ఏమీ జరగలేదు. జరగకుండా ఎవరెవరు ఎక్కడెక్కడ చెయ్యి అడ్డం పెట్టారో తనకు తెలిసింది కొంతే, తెలియనిది ఎంతో. లోపలి నుంచి ఏ మాట వచ్చినా సరే, ఇది మాత్రం పోయేది కాదు కదా. వెన్ను సోఫాకు ఆనింది. అంచు మీంచి ఎప్పుడు వెనక్కి జరిగిందో ఆమెకే తెలియదు. గ్లాసులో నీళ్ళు చల్లగా ఉన్నాయి, మొత్తం తాగేసింది.

తలుపు తెరుచుకుంది. గళ్ళ చొక్కా ఆయన, ఆమెను లోపలికి పిలవకుండా, తనే నడిచి వచ్చి పక్కనే సోఫాలో కూర్చున్నాడు. నెత్తి మీద జుట్టు చెదిరి ఉంది, ఫోన్ పట్టుకున్న చెవి ఎర్రగా కందిపోయింది. ఆమె కూతురికంటే ఓ పదేళ్ళు పెద్దవాడేమో.

"చాలాసేపు కూర్చోబెట్టాను, ఏమీ అనుకోకండి," అన్నాడు.

"పర్లేదండీ."

"ఈ పోస్టు చిన్నవాళ్ళ కోసం పెట్టింది. దీన్ని మీకు తగ్గట్టు మార్చమని అడిగాను. ఇంతసేపూ అదే గొడవ. మార్చడం కుదరదన్నారు. ఆరు నెలలకు కాంట్రాక్టు మీద మాత్రం తీసుకోమన్నారు. ఆ తర్వాత ఏమవుతుందో నేను మాటివ్వలేను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను."

ఆమె చేతిలో ఉన్న ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది.

"మీరు ఆలోచించుకుని రేపు చెప్పినా..."

"ఆలోచించేదేం లేదండీ. వస్తాను."

ఆయన నవ్వాడు, మొదటిసారి. లేవబోతూ ఆగాడు. "ఇంకొక్కటి. ఆ తీసేసిన ఏళ్ళు ఉన్నాయి చూశారూ, అవన్నీ మళ్ళీ చేర్చి పంపండి. మా అంబులెన్సు డ్రైవర్లు కూడా అలసిపోయే నొక్కుతారు. నాకు కావలసింది ఆ ఏళ్ళే," అన్నాడు. సోమవారం రమ్మన్నాడు. రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్ వెనక నుంచి బొటనవేలు పైకెత్తి చూపించి, ఏమీ ఎరగనట్టు తల దించుకుంది.

లిఫ్టులో ఒక్కతే. తలుపులు మూసుకోగానే, ఏడాది పొడుగునా ఆపుకున్న ఏడుపు, ఆ మధ్యాహ్నం మంచం మీద రాని ఏడుపు, కట్ట తెగినట్టు వచ్చేసింది. చీర కొంగుతో అద్దుకుంది, ముక్కు చీదుకుంది, అద్దంలో మొహం చూసుకుంటే కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, అయినా ఏడుపు ఆగలేదు, ఏడుస్తూనే నవ్వొచ్చింది. అత్తయ్యకు ఎలా చెప్పాలి, గుమ్మంలోనే చెప్పాలా, కూర్చోబెట్టి చెప్పాలా. బఠాణీకి ముందు చెప్పాలి. లేదు, అంతకన్నా ముందు, పిల్లకి. కాళ్ళు వాటంతటవే గేటు దాటి, చెట్టు నీడన ఉన్న పసుపు బోర్డు కారు వైపు నడిచాయి. భర్త దూరం నుంచే చూశాడు. ఆ కళ్ళు చూశాడు. కారు దిగి, ఇటు చుట్టు తిరిగి వచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు, ఎప్పుడూ చెయ్యని పని. ఆమె కూర్చుంది. ఆయన తన వైపు వచ్చి కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"చూడు, నేనొకటి చెప్తాను, మధ్యలో మాట్లాడకు. నేను ఇక్కడ కూర్చుని వీళ్ళ పార్కింగు చూస్తున్నా. గీతలన్నీ వంకర. ఒక్కటి తిన్నగా లేదు. గీత తిన్నగా గీసుకోలేనివాళ్ళు నిన్నేం గుర్తుపడతారు? పోతే పోనీ. ఇంటికెళ్ళి హాయిగా పడుకో, వంట సంగతి నేను చూస్తాను. అమ్మకి నేను చెప్తాను, నువ్వేం చెప్పక్కర్లేదు. రేపు ఇంకోటి వస్తుంది. రేపు కాకపోతే ఎల్లుండి వస్తుంది. వచ్చినప్పుడే వస్తుంది. నాకేం తొందర లేదు. వింటున్నావా? నాకేం తొందర లేదు."

ఆమెకు ఒక్క మాటతో ఆపేయాలని లేదు. ఎన్నిసార్లు ఇలాంటి మాటలు చెప్పి తనను ఇంటికి తీసుకెళ్ళాడు, ప్రతిసారీ కొత్త కారణం, ఒకసారి వాళ్ళ లిఫ్టు బాగోలేదన్నాడు, ఒకసారి వాళ్ళ వాచ్‌మన్‌కు మర్యాద లేదన్నాడు. అప్పుడెప్పుడూ సరిగ్గా వినలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఊఁ కొడుతూ, లోపల ఎక్కడో మునిగిపోయి ఉండేది. ఇవాళ మొత్తం వింది. మొదటి నుంచి చివరిదాకా, గొంతులో ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ ఆగి మళ్ళీ అందుకున్నాడో, ఒక్క ముక్క వదలకుండా వింది. ఎంత బాగా చెప్పాడు. పాపం, ఇక్కడ కూర్చున్నంతసేపూ ఇదే కూర్చుకుని ఉంటాడు. ఆయన ముగించి, ఇంజను స్టార్టు చేసి, అద్దంలో వెనక చూసి, పక్కన చూసి, చెయ్యి చూపించి, నేర్చుకునేవాళ్ళకు నేర్పినట్టే అన్నీ వరస తప్పకుండా చేసి, కారును రోడ్డు మధ్యకు తిప్పాడు.

"సోమవారం నుంచి రమ్మన్నారండీ," అంది ఆమె.

కారు ఒక్క కుదుపు కుదిపి, గొణిగి, రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పిన మనిషి, నెత్తిన తన పేరున్న బోర్డుతో, మొదటి రోజు పాఠంలా ఇంజను ఆపేసుకుని కూర్చున్నాడు. వెనక ఒకడు హారన్ కొట్టాడు, ఇంకొకడు కొట్టాడు, స్కూటరు వాడెవడో పక్కనుంచి పోతూ ఏదో అన్నాడు. ఆయన తాళంచెవి మీద చెయ్యి వేశాడు గాని తిప్పలేదు. ఆమె వైపు తిరిగాడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.